పొద్దున్నే గీత పెడితే ఉలుకెందుకు?



ఇవాళ ఒక పాత రికార్డు సంగతి మాట్లాడుకుందాం. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు పాడిన భగవద్గీత. మన ఇళ్ళలో అది లేని ఇల్లు తక్కువ. ఒకప్పుడు నల్లటి పళ్ళెంగా ఉండేది, తరవాత క్యాసెట్టయింది, ఇప్పుడు పిల్లల ఫోనుల్లోకి చేరింది. అందరి దగ్గరా ఉంది, అందరికీ ఆ గొంతు తెలుసు. కాని మొదటినుంచి చివరిదాకా కుదురుగా కూర్చుని విన్నవాళ్ళు ఎంతమందీ అంటే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకంటారా? గద్వాలలో గాని, వనపర్తిలో గాని, నాగర్‌కర్నూలులో గాని పొద్దున్నే ఏ వీధిలోనైనా ఆ గొంతు మైకులో లేచిందంటే చాలు, పొయ్యిమీద పాలున్నా సరే ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చేస్తారు. "ఎవరు పోయిన్రే?" అని ఒకరినొకరు అడుగుతారు. హైదరాబాదులోనూ ఇంతే, కాకపోతే అక్కడ బాల్కనీలోంచి తొంగిచూస్తారు.

నాగర్‌కర్నూలులో మా వదిన ఒక ఏకాదశినాడు ముచ్చటపడి తెల్లవారగానే ఈ గీత పెట్టింది. పది నిమిషాలు గడిచాయో లేదో, వీధి చివరి పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వచ్చింది. "మామకెప్పుడైంది బిడ్డా, నాకు కబురన్న పెట్టకపోతివి" అని గుమ్మంలోనే కూలబడింది. ఆ మామగారేమో పెరట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. నవ్వుకున్నాం గాని, ఆ రోజునుంచీ ఆ ఇంట్లో గీత మళ్ళీ పెట్టలేదు. పెద్దాయనే వద్దన్నారు.

చరిత్ర అంటే రాజులూ కోటలే కాదనీ, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటపాటలతో పొద్దుపుచ్చారు అన్నది కూడా చరిత్రేననీ చూపించి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారిది మా గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు. ఆయన లెక్కన చూస్తే, ఒక పాటల పళ్ళెం యాభై ఏళ్ళలో దేవుడి గదిలోంచి శవం వెంట నడిచే బండిలోకి ఎలా చేరిందన్నదీ చరిత్రే. అదే మీకు చెప్పాలనుకున్నాను.

ఘంటసాల గారి జీవితం మీకు చాలావరకు తెలిసిందే, దాని మీద ఎక్కువ సేపు నిలవను. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని తిన్నారు. మధూకరం అంటే ఈకాలపు పిల్లలకు తెలియదు. జోలె పట్టుకుని ఇంటింటి ముందూ నిలబడి, ఆ ఇంటి ఇల్లాలు పెట్టిన ముద్ద తెచ్చుకుని కడుపు నింపుకోవడం. అంత గొప్ప గొంతుకు మొదట తిండి పెట్టింది పేరు తెలియని గృహిణులు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. తరవాత మద్రాసు, రేడియో, సినిమా. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మకథ, ఇవన్నీ ఆయన సంగీతమే. 1970లో పద్మశ్రీ ఇచ్చారు.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెలో నొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర జబ్బు. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి బయటికి వచ్చారు. అప్పుడు పట్టుకుంది ఆయనకు గీత పాడాలన్న కోరిక. అది పూర్తయ్యాక ఇక సినిమా పాటలు పాడకూడదని కూడా అనుకున్నారంటారు. అది సాగలేదు లెండి. 1973లోనూ భక్త తుకారాంకు పాడారు, దేవుడు చేసిన మనుషులకు పాడారు, జీవనతరంగాలకు పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆసుపత్రిలోనే పోయారు. యాభై రెండు నిండలేదు.

ఇక్కడ కాస్త రికార్డుల సంగతి చెప్పాలి. పాతకాలపు 78 చుట్ల పళ్ళెం ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పాడేది. కరుణశ్రీ గారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు ఘంటసాల గొంతులో మనకు చేరింది ఆ పళ్ళేల మీదే. కవి మనసు విప్పబోయేసరికి సూది అంచుకు చేరిపోయేది. 1948లో అమెరికాలో ఎల్.పి. అని కొత్త పళ్ళెం వచ్చింది. నిమిషానికి ముప్పైమూడు చుట్లే తిరుగుతుంది, పక్కకు ఇరవై నిమిషాలు దాటి పాడుతుంది. మన దేశంలో ఇది మామూలు ఇళ్ళకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది వచ్చాకనే పాటగాడికి ఒక పెద్ద విషయం ఎత్తుకుని, మొదలూ నడుమా చివరా ఉన్న కథలా నడిపించే వీలు చిక్కింది.

మా చిన్నవాడికి ఇంగ్లీషు రాక్ సంగీతం పిచ్చి. వాడి దగ్గర పింక్ ఫ్లాయిడ్ అనే బృందం రికార్డు ఒకటుంది, పేరు 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. 1973 మార్చిలో వచ్చిందట. పాట మధ్యలో ఎవరైనా పలకరిస్తే వాడికి కోపం. "అమ్మా, ఇది పాటపాటగా వినేది కాదు, మొత్తం ఒకటే" అంటాడు. గడియారాలూ, డబ్బూ, పరుగూ, చావూ అన్నీ ఉన్నాయి అందులో. ఒక పాటలో మాటలే లేకుండా ఒకావిడ గొంతెత్తి ఏడ్చినట్టు పాడుతుంది, అది చావు గురించేనట. నాకు పూర్తిగా పట్టుబడిందని చెప్పను గాని, ఆవిడ గొంతు మాత్రం మనసులో నిలిచింది. వాడి మాటల్లో నన్ను ఆపిన సంగతి వేరే. అదే కాలంలో మన ఘంటసాల గారు మద్రాసులో చేసిందీ అటువంటి పనే. విడివిడి శ్లోకాలు కాదు, మొత్తం ఒకటే. లండను కుర్రాళ్ళ రికార్డులో చావున్నా దాన్ని ఎవరూ చావింటి పాట అనలేదు. యాభై ఏళ్ళు దాటినా జనం దీపాలార్పుకుని చివరిదాకా వింటున్నారు. మన రికార్డుకు ఆ భాగ్యం దక్కలేదు.

అసలు అందులో ఏముందో చూడండి. గీతలో ఏడువందల శ్లోకాలు. వాటిలోంచి నూటికి కొంచెం పైగా ఏరుకున్నారు. శ్లోకం పాడతారు, వెంటనే తెలుగు తాత్పర్యం తామే చదువుతారు. ఆ తెలుగు గ్రాంథికం. అయినా ఎక్కడా బరువనిపించదు. కారణం ఆ ఉచ్చారణ. ప్రతి అక్షరం కడిగిన బియ్యపుగింజలా విడివిడిగా ఉంటుంది. భావాన్నిబట్టి రాగం మారుతుంది. ఆరాటపడే అర్జునుడికి ఒక గొంతు, ఊరడించే కృష్ణుడికి ఒక గొంతు. నాటకాల్లోలాగా పద్యం చివర నిమిషాల తరబడి రాగం తీయరు. సినిమా పద్యానికి ఆయన నేర్పిన పొదుపే ఇక్కడా పాటించారు.

మొదట ధ్యానశ్లోకం. తరవాత ఏం చెబుతారో గుర్తుందా? యుద్ధం రాకుండా ఆపాలని కృష్ణుడు ఎన్నో విధాల ప్రయత్నించాడనీ, ఆ ప్రయత్నాలేవీ ఫలించలేదనీ చెబుతారు. ఈ రెండు మాటలు మా ప్రాంతం వాళ్ళకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఎందుకంటే కృష్ణరాయబారం మాకు ఇంటిపాట. విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న గద్వాల సంస్థానానికి, వనపర్తికి, ఆత్మకూరుకు తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. పాండవోద్యోగ విజయాలు రాసింది ఆ జంటకవులే. ఆ నాటకం పద్యాలు ఊరూరా హార్మోనియం మీద మోగాయి. చదువురాని రైతు కూడా మడికట్టు మీద కూర్చుని అర్జునుడి రథం మీది జెండా గురించి పద్యం ఎత్తుకునేవాడు. ఆ పద్యాలే 1967లో శ్రీకృష్ణావతారం సినిమాలో ఘంటసాల గొంతులో వచ్చి ఇంకా ఇంపుగా నిలిచిపోయాయి. అంటే రాయబారం దాకా కథ అదే గొంతులో అప్పటికే విని ఉన్న జనానికి, ఆ తరవాతి అధ్యాయం ఈ గీత రికార్డు. నాటకం ఎక్కడ ఆగిందో రికార్డు అక్కడ అందుకుంటుంది.

కాబట్టి మొదట్లో మా ఊళ్ళలో దాన్ని చావు పాటగా ఎవరూ అనుకోలేదు. గ్రామఫోను ఉన్న ఇళ్ళు తక్కువ. గుడి మైకు, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మైకుసెట్టు, రేడియో, ఇవే ఆధారం. పొద్దున్నే గుళ్ళో సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, దాని వెనక ఘంటసాల గారి గీత. ఆ చప్పుడుకే పిల్లలను లేపి బడికి తయారుచేసేవాళ్ళు. వనపర్తిలో మా మేనత్త అయితే "అర్జునుడు విల్లు కిందపడేసిండు, ఇంక లేవండిరా" అని దుప్పట్లు లాగేది.

మరి ఎప్పుడు మారింది? ఒక్కరోజులో కాదు. నాకు తోచిన కారణాలు చెబుతాను.

ఆ రికార్డు ఇంటింటికీ చేరేనాటికి పాడిన మనిషి లేడు. తెలుగునాడంతా ఆయన కోసం కంటతడి పెట్టుకుంది. గీత అనగానే "పాపం, ఇది పాడి పోయాడు మహానుభావుడు" అన్నమాటే ముందు వచ్చేది. రెండోది, జీవనతరంగాలు. యద్దనపూడి సులోచనారాణి గారి నవల మనమంతా వారం వారం ఎదురుచూసి చదివిన తరంవాళ్ళం, సినిమా కూడా వదల్లేదు. అందులో పోలీసులనుంచి తప్పించుకోవడానికి ఒక దొంగ శవయాత్రలో దూరి పాడె భుజానికెత్తుకుంటాడు. అది తన తల్లిదేనని వాడికి తెలియదు. ఆ సన్నివేశానికి ఆత్రేయ గారి పాట పాడింది ఘంటసాల గారే. హాల్లో కళ్ళు తుడుచుకోని ఆడది లేదు. ఆ గొంతుకూ పాడెకూ ముడిపడటానికి ఆ పాట చాలదూ?

ఇక మూడోది అన్నిటికన్నా పెద్దది, క్యాసెట్టు. 1980 దాటాక టేపురికార్డరు ఇంటింటి వస్తువైంది. ఎల్.పి. పళ్ళెం అపురూపం, దానికి ప్లేయరు కావాలి, సూది కావాలి. క్యాసెట్టుకు బ్యాటరీలు చాలు. ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, వాకిట్లో పెట్టొచ్చు, బండి మీద పెట్టొచ్చు. అంతకుముందు మా పాలమూరు పల్లెల్లో మనిషి పోతే ఏం చేసేవాళ్ళు? డప్పు కొట్టేవాళ్ళు. రాత్రంతా శవం దగ్గర భజన కట్టి తత్వాలు పాడేవాళ్ళు. తాళాలు పట్టుకుని పదిమంది మగవాళ్ళు కూర్చుంటే, నడిరాత్రి దాటాక గొంతులు జీరపోయేవి. అయినా ఆపేవాళ్ళు కాదు. ఏడ్చి ఏడ్చి అలసిన ఆడవాళ్ళు ఆ పాట వింటూనే గోడకు ఆనుకుని కునుకు తీసేవాళ్ళు. ఆ పదిమంది దొరకడం కష్టమైన కాలానికి, సరిగ్గా చేతికందింది ఈ క్యాసెట్టు. పోయేవాళ్ళ చెవిలో గీత చదవడం ఎలాగూ పాత ఆచారమే. చదవడానికి పంతులు లేకపోయినా పరవాలేదు, ఘంటసాల ఉన్నారు. తరవాత పట్టణాల్లో వైకుంఠ రథాలు వచ్చాయి, వాటిలో ఇదే మోగుతుంది.

ఒక మాట అడుగుతాను. బండి మన వీధి దాటేలోగా వినబడేది ఎంత? నాలుగో ఐదో శ్లోకాలు. అవి రెండో అధ్యాయంలోవి, పుట్టుక చావుల గురించినవి. మర్నాడు ఇంకో బండి, మళ్ళీ అవే. ఇలా యాభై ఏళ్ళుగా మనం రికార్డు మొదటి పదినిమిషాలే వింటున్నాం. ఆ తరవాతిది ఎవరికీ తెలియదు.

ఆ తరవాత ఏముందని పోయిన నెల నేను నోటుపుస్తకం పెట్టుకుని విన్నాను. చదువుకున్న బ్రాహ్మణుడినీ, ఆవునూ, ఏనుగునూ, కుక్కనూ, దాని మాంసం తినేవాడినీ ఒకే కంటితో చూడాలన్న శ్లోకం ఉంది. ఆకో పువ్వో పండో ఇన్ని నీళ్ళో భక్తితో పెడితే చాలునన్న శ్లోకం ఉంది. వెండి పళ్ళెం లేదని నొచ్చుకునే కోడళ్ళందరూ వినవలసింది. కృష్ణుడు విశ్వరూపం చూపించే ఘట్టంలో ఆయన గొంతు మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది, వెనక వాద్యాలు చిక్కబడతాయి. చేతిలో పని దానంతటదే ఆగిపోతుంది. గుండె జబ్బు మనిషి పాడిన పాటేనా ఇది అనిపించింది నాకు. దాని వెంటనే అర్జునుడు భయపడి మామూలు రూపంలోకి రమ్మని బతిమాలుకుంటే గొంతు మెత్తబడుతుంది చూడండి, అది ఆయనకే చెల్లింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది వైశ్వానరుడి శ్లోకం. ప్రాణుల కడుపులో జఠరాగ్నినై నాలుగు రకాల ఆహారాన్ని నేనే అరిగిస్తున్నానంటాడు భగవంతుడు. కొరికి తినేది, నమిలి మింగేది, జుర్రేది, నాకేది. మనం రోజూ రెండుపూటలా వండి వార్చేదంతా ఆ నాలుగింటిలోనే పడుతుంది కదూ! ఒకప్పుడు మధూకరం అన్నం తిన్న మనిషి ఆ తాత్పర్యం చదువుతుంటే నాకు విజయనగరం ఇల్లాళ్ళే గుర్తొచ్చారు. ఈ శ్లోకం ఏ శవయాత్రలోనైనా మీకు వినబడిందా? ఆ వేళకు అందరూ స్నానాలు చేసి ఇళ్ళకు చేరి ఉంటారు.

మా మేనత్త సంగతి చెప్పానే, దుప్పట్లు లాగే ఆవిడ. చివరి రెండేళ్ళు మంచంలోనే ఉంది. చూపు లేదు, చెవులు బాగానే ఉన్నాయి. "ఘంటసాల గీత పెట్టండిరా, పొద్దు పోతలేదు" అని అడిగేది. ఇంట్లో వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వేళకు అన్నం, మందులు, దుప్పటి, అన్నీ చూసుకున్నారు. గీత మాత్రం పెట్టలేదు. "మనిషుండంగ అదేం శకునం అత్తమ్మా" అనేది కోడలు. చుట్టుపక్కల వాళ్ళేమనుకుంటారో అని కొడుకు. అన్నమయ్య కీర్తనలు పెట్టారు, రామదాసు కీర్తనలు పెట్టారు, ఆవిడ వినేది, కాసేపాగి మళ్ళీ అదే అడిగేది. ఒక శ్రావణ మాసంలో పోయింది. మర్నాడు తెల్లవారకముందే వాకిట్లో మైకు పెట్టి, అడిగినన్నాళ్ళూ పెట్టని ఆ గీతే పెట్టారు. ఊరంతా వినబడింది, ఆవిడకు తప్ప.

శాస్త్రం ఒప్పుకోదనేవాళ్ళకు ఒక్క సంగతి. ఏ శాస్త్రంలోనూ గీత అశుభమని లేదు. రోజూ పారాయణ చేసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పిల్లలకు పోటీలు పెడతాం, బహుమతులిస్తాం. ఎనిమిదేళ్ళ పిల్ల వేదిక మీద చదివితే చప్పట్లు, ఘంటసాల పాడితే చావు, ఇదెక్కడి న్యాయం? భయపడవలసింది ఏదైనా ఉంటే అది మైకు, గీత కాదు. వీధంతా దద్దరిల్లేలా పెడితే ఏ పాటైనా గుండెలవిసేలాగే ఉంటుంది. ఇంట్లో మన నలుగురికీ వినబడేంత చాలు.

ఘంటసాల గారికి ఏళ్ళ తరబడి సహాయకులుగా ఉన్న పట్రాయని సంగీతరావు గారు, అంటే గురువుగారి కుమారులు, నూరేళ్ళు నిండాక 2021లో మద్రాసులో పోయారు. ఆనాటి సంగీతాన్ని దగ్గరుండి చూసిన తరం దాదాపు వెళ్ళిపోయినట్టే. పళ్ళెం మాత్రం ఉంది. పాత ఎల్.పి. ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే దుమ్ము గట్టిగా రుద్దకండి, మెత్తని గుడ్డతో గీతల వెంబడే తుడవండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే వంకర పోతుంది, పుస్తకాల్లా నిలబెట్టాలి. మా చిన్నవాడు చెప్పిన జాగ్రత్తలివి.

ఒక్కసారే అంతా వినమనను, మన పనులు మనకుంటాయి. ఆకుకూర ఏరే వేళ ఒక భాగం, మర్నాడు బట్టలు మడతపెట్టే వేళ ఇంకో భాగం. చివరి భాగం మాత్రం చేతులు ఖాళీ చేసుకుని వినండి. అక్కడ కృష్ణుడు అర్జునుణ్ణి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నావా అని అడుగుతాడు. నా భ్రమ తొలగింది, నువ్వు చెప్పినట్టే చేస్తానంటాడు అర్జునుడు. ఇంకా ఒక్క బాణం కూడా పడలేదు. రెండు సైన్యాలూ నిలబడే ఉన్నాయి.